వందేళ్ల చరిత్రలో మా చిరునామాలు కూడా రాయండి

ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి, పాలక మండలి సభ్యులకు, విభాగాధిపతులకు, పరిశోధనకు మార్గదర్శకత్వం వహిస్తున్న ఆచార్యులకు నమస్కారం.

1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకు తరలివచ్చిన మన విశ్వవిద్యాలయానికి నూరేళ్ల పండుగ వచ్చింది. ఇలాంటి సందర్భంలో సంచికలు, చరిత్ర గ్రంథాలు రావడం సహజం. వాటిలో తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి గారు ఉంటారు, సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఉంటారు, సైన్సు కళాశాలకు అండగా నిలిచిన జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారు ఉంటారు. ఉండి తీరాలి. వారి పక్కన మరో అధ్యాయానికి చోటు ఇవ్వమని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను. ఇక్కడ పరిశోధన చేసినవాళ్లు ఆ తర్వాత ఏమయ్యారు, ఎక్కడ ఉన్నారు, నేర్చుకున్నది దేనికి ఉపయోగపడింది అన్నది ఆ అధ్యాయంలో ఉండాలి. పతకాలు, పదవులు వచ్చినవాళ్ల గురించి మాత్రమే కాదు, అందరి గురించీ.

పట్టా చేతికి ఇచ్చాక పరిశోధక విద్యార్థితో విశ్వవిద్యాలయానికి లెక్క తీరిపోయినట్టే అన్న తీరు దేశమంతా ఉంది. విద్యాసంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం ఏటా పంపే వివరాల్లో ఎంతమంది సకాలంలో పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం దొరికింది, వారి మధ్యస్థ జీతం ఎంత, ఎంతమంది పైచదువులకు వెళ్లారు అని అడుగుతారు. పీహెచ్‌డీల దగ్గరికి వచ్చేసరికి ఎన్ని పట్టాలు ఇచ్చారన్నదే లెక్క. ఆ అంకెలు వద్దని నేను అనను. నిధులు వాటిని బట్టి వస్తున్నప్పుడు వద్దనడం తేలిక కాదు కూడా. కానీ పట్టా పుచ్చుకున్న ఏడాది వచ్చిన జీతాన్ని బట్టి ఒక మనిషి చేసిన పరిశోధన విలువ తేలుతుందా?

వేలూరి రామలింగస్వామి గారిని తలుచుకోండి. శ్రీకాకుళంలో పుట్టి, అప్పట్లో మన విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి 1944లో ఎంబీబీఎస్ పట్టా అందుకున్నారు. గొంతు వాపు వ్యాధి (గాయిటర్) మీద ఆయన పని 1956లో హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో మొదలైంది. కొన్ని ప్రాంతాల వారికి అయోడిన్ కలిపిన ఉప్పు, కొన్ని ప్రాంతాల వారికి మామూలు ఉప్పు ఇచ్చి ఏళ్ల తరబడి గమనించారు. అయోడిన్ ఉప్పు తిన్నచోట వ్యాధి తగ్గింది. ఈ రోజు మన వంటింట్లో ఉన్న ఉప్పు పొట్లం మీద ‘అయోడైజ్డ్’ అన్న మాట వెనుక ఆ పని ఉంది. విశాఖలో పట్టా తీసుకున్న ఏడాదికీ, ఆ ఉప్పు ఇంటింటికీ చేరిన కాలానికీ మధ్య దశాబ్దాల దూరం. ఏ వార్షిక నివేదికలోనూ ఆ దూరం పట్టదు. ఎవరైనా ఓపికగా వెంట నడిచి రాసుకుంటేనే తెలుస్తుంది.

గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి కథ మీకు నాకన్నా బాగా తెలుసు. అయినా ఇక్కడ చెప్పక తప్పదు. 1940లో ఇక్కడ గణితంలో ఎం.ఏ. ప్రథమ శ్రేణిలో ముగించారు. ఇక్కడే పరిశోధన చేయాలని ఉపకార వేతనానికి దరఖాస్తు పెట్టారు. అది గడువు దాటి చేరింది, వేతనం రాలేదు. యుద్ధం నడుస్తున్న రోజులు. సైన్యంలో గణితం తెలిసినవారికి ఉద్యోగం ఉందంటే కలకత్తా వెళ్లారు. అదీ కుదరలేదు. ఆ ఊళ్లోనే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలిసి 1941లో చేరారు. 1945లో, పాతికేళ్ల వయసులో, ఆయన రాసిన పరిశోధన వ్యాసంతో గణాంక శాస్త్రంలో పేరు పొందిన క్రామర్–రావు అసమానత, రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం లోకానికి అందాయి. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది. అదే ఏడాది 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఈ కథను మనం ఎంతో గర్వంగా చెప్పుకుంటాం. నాకు మాత్రం వినే ప్రతిసారీ మిగతావాళ్లు గుర్తొస్తారు. దరఖాస్తు ఆలస్యమై, డబ్బు లేక, ఇంట్లో పరిస్థితి బాగోలేక పరిశోధన ఆలోచన మానుకున్నవాళ్లు ఈ వందేళ్లలో ఎంతమంది ఉంటారు? కలకత్తాలో ఆయనకు మరో తలుపు తెరుచుకుంది కాబట్టి మనకు పేరు తెలిసింది. తెరుచుకోనివాళ్లు ఏ తాలూకా కచేరీలో గుమాస్తాలయ్యారో, ఏ ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టార్లయ్యారో. ఆ మాస్టార్ల దగ్గర చదువుకున్నవాళ్లు మళ్లీ ఇక్కడికే వచ్చి ఉంటారు.

మన విశ్వవిద్యాలయం చరిత్రలో తిన్నగా సాగిన దారులకన్నా మలుపులు తిరిగిన దారులే ఎక్కువని నా నమ్మకం. ఇక్కడ అణుభౌతిక శాస్త్ర ప్రయోగశాలలకు పునాది వేసిన స్వామి జ్ఞానానంద గారు భీమవరం దగ్గర పల్లెలో పుట్టారు. సన్యాసం పుచ్చుకుని హిమాలయాల్లో తపస్సు చేసుకున్నారు. ఆ తర్వాత ఐరోపా వెళ్లి ప్రాగ్‌లో ఎక్స్ కిరణాల మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నారు. కాషాయం వదలకుండానే శాస్త్రవేత్తగా జీవించారు. శ్రీపాద పినాకపాణి గారు విశాఖలో వైద్యం చదివి వైద్య కళాశాలలో ఆచార్యులయ్యారు. అదే మనిషి వందలాది కీర్తనలను స్వరపరచి గ్రంథస్థం చేసి, సంగీత కళానిధి బిరుదు పొందారు. మన కాలానికి వస్తే, ఇక్కడ అణుభౌతిక శాస్త్రంలో ఎమ్మెస్సీ చేసిన త్రివిక్రమ్ శ్రీనివాస్ సినిమా మాటల రచయితగా ఇంటింటికీ తెలిశారు. వీళ్లెవరినీ చదువు వృథా చేసుకున్నారని మనం అనం. పేరు వచ్చింది కాబట్టి అనం. పేరు రానివాళ్ల విషయంలో అంత ఉదారంగా ఉంటామా? ‘పీహెచ్‌డీ చేసి ఇదేమిటి’ అన్న మాట పెళ్లిళ్లలో, బంధువుల ఇళ్లలో, ఒక్కోసారి పాత స్నేహితుల నోట వినని పరిశోధకులు తక్కువ.

నేను విశాఖ తీరంలోని డయాటమ్‌ల మీద పీహెచ్‌డీ చేశాను. సముద్రపు నీటిలో తేలే, కంటికి ఆనని ఏకకణ జీవులు అవి. తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్ నుంచి పడవ మీద వెళ్లి, సన్నటి వలతో నీటిని వడకట్టి, సీసాల్లో భద్రపరిచి తెచ్చుకునేదాన్ని. ఆ తర్వాత సూక్ష్మదర్శిని ముందు కూర్చోవడమే. ఒక్క మిల్లీలీటరు నీరు పట్టే గాజు పలక, దాని మీద వెయ్యి గళ్లు. గడి తరవాత గడి చూస్తూ ఏ జాతి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. మెడ పట్టేస్తుంది, కళ్లు నీళ్లు కారతాయి. నా థీసిస్ నిండా ఆ లెక్కల పట్టికలే.

ఇప్పుడు నేను భీమిలి దాటాక తీరం వెంట ఉన్న ఒక రొయ్య పిల్లల హ్యాచరీలో ఆల్గే విభాగం చూస్తున్నాను. గుడ్డులోంచి వచ్చిన రొయ్య పిల్ల మొదటి దశలో తన ఒంట్లో ఉన్న సొనతోనే బతుకుతుంది. ఆ తర్వాతి జోయియా దశకు రాగానే దానికి ఆకలి మొదలవుతుంది. అప్పుడు తినేది డయాటమ్‌లనే. గదిలో దీపాల కింద, గాలి బుడగల మధ్య ఆ డయాటమ్‌లను పెంచి, సరైన వేళకు సరైన సాంద్రతలో ట్యాంకులకు అందించాలి. కౌంటు తక్కువైతే పిల్లలు ఆకలితో చస్తాయి, మరీ ఎక్కువైతే నీరు పాడవుతుంది. బీకరులో నీరు ముంచి దీపానికి ఎదురుగా పట్టుకుంటే, కడుపు నిండిన జోయియా వెనక సన్నటి దారం వేలాడుతూ కనిపిస్తుంది. అది దాని మలం. ఆ దారం ఉంటే ఆ రాత్రి మాకు నిద్ర పడుతుంది. నా దగ్గర పనిచేసే కుర్రవాళ్లు ఇంటర్ చదివినవాళ్లు. ఆరోగ్యంగా ఉన్న కీటోసెరోస్ అనే డయాటమ్ ఎలా ఉంటుందో, కల్చర్ చెడిపోయే ముందు ఏ మార్పు వస్తుందో వాళ్లకు సూక్ష్మదర్శినిలో చూపించి నేర్పుతాను. నా గైడు గారు నాకు నేర్పిన పద్ధతిలోనే నేర్పుతాను. ఆ పిల్లలను కొనుక్కుని చెరువుల్లో వదిలే రైతుకు నా థీసిస్ సంగతి తెలియదు. తెలియనవసరం లేదు. విశ్వవిద్యాలయానికి తెలియాలి.

నాకు తెలిసిన భూగర్భ శాస్త్ర పరిశోధకుడు ఒకాయన విజయనగరం, అనకాపల్లి పల్లెల్లో బోరు బావులకు చోటు చూపిస్తూ తిరుగుతారు. ఇక్కడి ఖొండలైటు రాయి చేసే తమాషా తెలిసినవారికి తెలుస్తుంది. ఒక పొలంలో పైపైనే చివికి నీటిని పట్టి ఉంచుతుంది, పక్క పొలంలో గట్టిగా, చుక్క నీరు లేకుండా ఉంటుంది. ఆయన పొలంలో నాలుగు ఇనుప కడ్డీలు పాతి, విద్యుత్తు పంపి, నేల నిరోధం కొలుస్తారు. కడ్డీల మధ్య ఎడం పెంచుతూ పోతే ఇంకా లోతు సంగతి తెలుస్తుంది. గట్టు మీద రైతు నిలబడి ఆయన ముఖంలోకే చూస్తుంటాడు. బోరు వేయించడానికి ఆ రైతు అప్పు చేసి ఉంటాడు. ‘ఇక్కడ వద్దు’ అని చెప్పగలగడమే తన చదువు తనకు ఇచ్చిన ధైర్యం అంటారాయన. నీళ్లు పడిన బోర్లు కనిపిస్తాయి. ఆయన మాట విని వేయకుండా ఆపిన బోర్లు ఎవరికీ కనిపించవు, ఆ రైతు మిగుల్చుకున్న డబ్బూ ఏ లెక్కలోకీ రాదు.

రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ చేసి పరవాడ మందుల పరిశ్రమల్లో పనిచేస్తున్నవాళ్లు, వృక్షశాస్త్రం చదివి పాడేరు వైపు గిరిజన గురుకులాల్లో పాఠాలు చెబుతున్నవాళ్లు, మానవశాస్త్రం చదివి ప్రభుత్వ సర్వీసులో చేరి ఏజెన్సీ మండలాల్లో పనిచేస్తున్నవాళ్లు, ఇల్లు పిల్లలతో సరిపెట్టుకుని పాత నోటు పుస్తకాలను మాత్రం పారేయలేకపోతున్నవాళ్లు ఎందరో ఉన్నారు. వీళ్లందరి జీవితాలనూ ఒక చోట చేరిస్తే ఉత్తరాంధ్రకు ఈ విశ్వవిద్యాలయం ఏమిచ్చిందో అర్థమవుతుంది.

మధ్యలో మానేసినవాళ్ల గురించి ప్రత్యేకంగా రాయాలి. ఇది నా మనసును ఎక్కువగా కలచివేసే విషయం. నాలుగైదేళ్లు పనిచేసి, ఫెలోషిప్ కాలం ముగిసిపోయి, తండ్రి మంచాన పడటం వల్లనో, పెళ్లయి ఊరు మారడం వల్లనో, ప్రభుత్వ ఉద్యోగం రావడం వల్లనో థీసిస్ సమర్పించకుండా వెళ్లిపోయినవాళ్లు ప్రతి విభాగంలో, ప్రతి విశ్వవిద్యాలయంలో ఉంటారు. నియమాల ప్రకారం వాళ్లు లేనట్టే. వాళ్లు సేకరించిన నమూనాలు, కొలతలు, మాట్లాడించి రాసుకున్న మనుషుల కథనాలు బీరువాల్లో ఉండిపోతాయి, గది ఖాళీ చేసే రోజున చెత్తలోకి పోతాయి. ఒక తీరంలో ఒక ఏడాది ఏ జీవి ఎంత ఉందన్న లెక్క మళ్లీ దొరకదు, ఆ ఏడాది గడిచిపోయింది కాబట్టి. అలాంటివారికి చేసిన పని మేరకు ఒక ధ్రువపత్రం ఇవ్వండి. వారి డేటాను వారి పేరుతోనే గ్రంథాలయంలో భద్రపరచండి. డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలో అందుకు ఒక అర కేటాయిస్తే చాలు. తర్వాతి పరిశోధకుడు అక్కడి నుంచి అందుకుంటాడు.

ఇలా మధ్యలో మానేసినవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువగా ఉంటారని వేరే చెప్పనక్కరలేదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నిబంధనలు పీహెచ్‌డీకి ఆరేళ్ల గరిష్ఠ గడువు పెట్టి, మహిళలకు అదనంగా రెండేళ్లు, 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇచ్చాయి. మంచి నిబంధన. అయితే సెలవు ముగిసి తిరిగివచ్చిన అమ్మాయికి తన బెంచీ తనకు దొరకాలి, తన కల్చర్లను ఎవరో ఒకరు బతికించి ఉంచాలి. అది నిబంధనతో జరగదు, ఆ విభాగంలోని మనుషులు పూనుకుంటేనే జరుగుతుంది. విభాగాధిపతులకు ఈ మాట నేరుగా చెబుతున్నాను.

ఇక తెలుగు సంగతి. మన తీరం మీద ఈ విశ్వవిద్యాలయం చేసిన పని చిన్నది కాదు. 1950లలో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఇక్కడికి వచ్చి, మన విద్యార్థులతో కలిసి బంగాళాఖాతాన్ని చదివారు. నైరుతి గాలి ఒడ్డు వెంబడి వీచినప్పుడు పైనీరు సముద్రంలోకి జరిగి, అడుగున ఉన్న చల్లటి నీరు పైకి వస్తుందని, దానితో పాటు పోషకాలు వచ్చి, నీటిలో తేలే సూక్ష్మజీవులైన ప్లవకాలు పెరుగుతాయని వాల్తేరు పరిశోధనలు చూపించాయి. విశాఖకు ఎదురుగా సముద్రం అడుగున ఉన్న లోయల్లో ఒకదానికి ఆంధ్ర అనీ, మరొకదానికి మన భూగర్భ శాస్త్ర విభాగాన్ని నిలబెట్టిన మహాదేవన్ గారి పేరూ పెట్టారు. ఇదంతా ఇంగ్లీషులో ఉంది. నన్ను పడవలో తీసుకెళ్లిన మత్స్యకారులు చల్లనీరు ఎప్పుడు వస్తుందో, అప్పుడు ఏ చేప దొరుకుతుందో నాకే చెప్పారు. వాళ్లకు ఆ కారణం తెలుగులో చెప్పే రెండు పేజీలు మన దగ్గర ఉండాలి కదా.

భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఇక్కడ తెలుగు చదివి, ఇక్కడే పాఠం చెప్పినవారు. రైతుల నోట్లోని వ్యవసాయ పదాలను ఊరూరా సేకరింపజేసి 1962లో పదకోశంగా అచ్చు వేయించారు. పల్లె నుంచి విశ్వవిద్యాలయానికి మాటలు తెచ్చిన పని అది. తిరుగు ప్రయాణం కూడా సాగాలి. ప్రతి థీసిస్‌తో పాటు, ఏ శాస్త్రమైనా సరే, పదో తరగతి చదివినవారికి అర్థమయ్యేలా రెండు మూడు పేజీల తెలుగు సారాంశం సమర్పించాలన్న నియమం పెట్టండి. థీసిస్‌లను దేశమంతటికీ ఉన్న ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలో ఎలాగూ పెడుతున్నారు. ఈ సారాంశాలు మన వెబ్‌సైటులో అందరికీ కనిపించేలా ఉంచండి. ఏ విషయం ఎవరు చదివారో జిల్లా విలేకరికి తెలుస్తుంది, రైతు సంఘానికి తెలుస్తుంది, పంచాయతీకి తెలుస్తుంది. తమ ఊరి చెరువు మీద, తమ ఊరి భాష మీద, తమ వ్యాధి మీద ఎవరో ఏళ్ల తరబడి పనిచేశారని ఆ ఊరివాళ్లకు తెలియకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

కొత్తగా చేరే పరిశోధకులకు ముందున్న దారుల గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. పీహెచ్‌డీలో చేరే పిల్లల్లో చాలామంది అధ్యాపక ఉద్యోగం ఒక్కటే గమ్యం అనుకుని వస్తారు. శాశ్వత నియామకాలు ఏళ్ల తరబడి ఆగి, ఒప్పంద ఉద్యోగాల్లోనే జుట్టు నెరిసినవాళ్లను చూస్తూ కూడా అలాగే వస్తారు, ఎందుకంటే వాళ్లకు ఎదురుగా కనిపించే పరిశోధకులు అధ్యాపకులు మాత్రమే. ప్రీ పీహెచ్‌డీ కోర్సులో కొన్ని తరగతులు బయట పనిచేస్తున్న పూర్వ పరిశోధకులకు ఇవ్వండి. బోరు పాయింట్లు చూపించే ఆయన్ను పిలవండి, మందుల కర్మాగారంలో నాణ్యత చూసే ఆమెను పిలవండి, గురుకుల ఉపాధ్యాయుణ్ణి పిలవండి, థీసిస్ పూర్తి చేయలేకపోయిన మనిషిని కూడా పిలవండి. సన్మానం అక్కరలేదు, శాలువాలు అక్కరలేదు. ఏం నేర్చుకున్నారు, ఏది పనికొచ్చింది, ఏది రాలేదు, జీతం ఎంత, ఇంట్లో ఏమన్నారు అన్నవి దాపరికం లేకుండా చెప్పనివ్వండి. పరిశోధన మీద ఇష్టం ఉన్న పిల్లలు ఆ మాటలు విని భయపడి పారిపోరు. తమకు ఏయే దారులున్నాయో తెలుసుకుని మరింత నిబ్బరంగా పని మొదలుపెడతారు.

శతజయంతి చరిత్రలో నేను అడిగిన అధ్యాయానికి పెద్ద ఖర్చు అవదు. ప్రతి విభాగంలో పాత రిజిస్టర్లు ఉంటాయి. ఒక్కో విభాగం నుంచి ఇద్దరు ముగ్గురు ఎమ్మే, ఎమ్మెస్సీ విద్యార్థులకు ఈ పని అప్పగిస్తే వాళ్లు పూర్వ పరిశోధకులను వెతికి, మాట్లాడి, రికార్డు చేసి రాసుకొస్తారు. జర్నలిజం, చరిత్ర, మానవశాస్త్రం విద్యార్థులకు అదే ప్రాజెక్టు అవుతుంది. వయసు మీరిన వారి దగ్గరికి ముందు వెళ్లాలి, ఆలస్యం చేస్తే వాళ్లు ఉండరు. ఎవరైనా తమ వివరాలు బయటపెట్టవద్దంటే ఆ కోరికను మన్నించాలి.

జంతుశాస్త్ర విభాగంలో నా ముందూ వెనకా పరిశోధన చేసినవారిలో నాకు పరిచయం ఉన్నవారి జాబితా, ఇప్పుడు ఎక్కడ ఏం చేస్తున్నారన్న వివరాలతో, వారి అనుమతి తీసుకుంటూ తయారు చేస్తున్నాను. మీరు ఈ పనికి ఎవరిని నియమిస్తారో చెబితే వారి చేతికే ఇస్తాను. రొయ్య పిల్లల సీజను లేని రోజుల్లో విభాగానికి వచ్చి విద్యార్థులతో కూర్చోవడానికి కూడా సిద్ధంగా ఉన్నాను. మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

భవదీయురాలు,
జంతుశాస్త్ర విభాగం పూర్వ పరిశోధక విద్యార్థిని,
విశాఖపట్నం